టీచర్ సంతకం చూసి

పోయిన వారం మనం ఎథ్లిన్ టీచర్‌ను ఆమె తండ్రి గది గుమ్మం దగ్గర వదిలి వచ్చాం. సమాధి రాయి అప్పుడే ఇంటికి చేరింది. నలుగురు మగవాళ్లు దాన్ని మోసుకొచ్చి, కెప్టెన్ సిల్వాన్ బెడో బతికున్నన్నాళ్లూ పడుకున్న మంచం మీదే పడుకోబెట్టి, తెల్ల దుప్పటి కప్పి వెళ్లారు. కారియాకు ద్వీపంలో ఎవరింట్లోనైనా అంతే. మనిషి పోయిన కొన్నేళ్లకు రాయి వస్తుంది. సమాధికి తరలేదాకా అది ఇంటి మనిషిలాగే ఇంట్లో ఉంటుంది. దాన్ని ఒంటరిగా వదలరు.

ఆ రాయి ఎదుట కూర్చోవడానికి ఎథ్లిన్‌కు ధైర్యం చాలలేదని కూడా చెప్పుకున్నాం. కెప్టెన్ పదకొండేళ్ల కిందట తన పడవల రేవును ఒక ట్రస్టులో పెట్టాడు. ముగ్గురు పిల్లలకూ అందులో సమాన హక్కు: పెళ్లాం కన్న ఎథ్లిన్, ఆల్బన్, కొండమీది ఆవిడ కన్న థియోఫిల్. ముగ్గురిలో ఎవరు పోయినా వారి హక్కు వారి పిల్లలది. హక్కున్న వాళ్లందరూ ఒప్పుకుని సంతకాలు పెడితే తప్ప రేవును అమ్మకూడదు. వాళ్లందరి తరఫునా రేవును చూసుకునే ట్రస్టీ ఎథ్లిన్. మరో రెండేళ్లకు థియోఫిల్ సముద్రంలో పోయాడు. అతనికి జొసీనా అని ఒక కూతురుంది. ఈ ట్రస్టులో నీకు హక్కుంది అని ఆ పిల్లకు చెప్పవలసిన మనిషి ఎథ్లిన్, చెప్పలేదు. చెప్పకపోవడంతో ఆగలేదు కూడా. పోయిన ఏడాది తమ్ముడు ఆల్బన్ తెచ్చిన ప్రమాణ పత్రం మీద, థియోఫిల్ సంతానం లేకుండా చనిపోయాడని సంతకం పెట్టింది.

శనివారం రాయిని సమాధికి తరలించే విందు. సోమవారం రేవు అమ్మకం. ఇవాళ గురువారం, మధ్యాహ్నం మూడు గంటలు.

ఎథ్లిన్ చివరికి లోపలికి వెళ్లి మంచం పక్కన కుర్చీ వేసుకుంది. పక్కనే చిన్న బల్ల మీద గిన్నెలో నీళ్లు, సీసాలో రమ్ము ఉన్నాయి. వచ్చిన చుట్టాలందరూ దుప్పటి మీద రెండు చుక్కలు చల్లి వెళ్తున్నారు. ఆమె మాత్రం పొద్దుటి నుంచి గిన్నెలో వేలు ముంచలేదు.

కిటికీ అవతల పెరట్లో డెల్సీనా పెద్దమ్మ కందికాయలు ఒలుస్తోంది. ఆమెకు ఎనభై రెండేళ్లు. చెవులు బాగా పనిచేస్తాయి, నోరు అంతకన్నా బాగా పనిచేస్తుంది.

"ఏమే ఎథ్లిన్, మీ నాన్న లేచాడా?"

"ఇంకా లేదు పెద్దమ్మా."

"లేవకపోవడమే మంచిది. లేస్తే ఈ కందులు చూసి నన్ను తిడతాడు. ఎవరు తెచ్చారివి?"

"ఆల్బన్."

"అట్లా చెప్పు. వాడి కలలాగే ఉన్నాయి. పైకి నిండుగా కనపడతాయి, ఒలిస్తే పురుగు."

కెప్టెన్ కలలోకి వచ్చి తన రాయి ఎక్కడని అడిగాడని, పనిలో పనిగా రేవు గొడవ వదిలించుకోండని చెప్పాడని ఆల్బన్ ఊరంతా చెప్పాడు. చనిపోయినవాళ్లు కలలోకి వచ్చి అడిగితే ఈ ద్వీపంలో ఎవరూ వాయిదా వెయ్యరు. విందు అలాగే కుదిరింది.

"బతికున్నప్పుడు సిల్వాన్ వాడితో రోజుకో మాట మాట్లాడేవాడు, ఆ మాట కూడా తిట్టే," అంది డెల్సీనా. "పోయాక గంటసేపు కూచుని కబుర్లు చెప్పాడంటే నమ్మాలట నేను. పోనీ నీకొచ్చాడా?"

"రాలేదు."

నిజంగానే రాలేదు. ఆయన పోయిన ఈ మూడేళ్లలో ఒక్క రాత్రి కూడా రాలేదు. మొదట్లో ఎథ్లిన్ పడుకోబోయే ముందు తండ్రి కోసం మంచం పక్కన గ్లాసులో నీళ్లు పెట్టుకునేది. ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టిన తరువాత పెట్టడం మానేసింది. వస్తే ఏం అడుగుతాడో ఆమెకు తెలుసు.

పెరట్లో కాయలు ఒలిచే చప్పుడు ఆగింది.

"కొండమీది పిల్ల వస్తోంది," అంది డెల్సీనా గొంతు తగ్గించి. "గురువారం పూట చర్చి గౌను వేసుకుంది. ఎవరన్నా పోయారా, ఎవణ్నన్నా చేసుకుంటోందా?"

ఎథ్లిన్ లేచి నిలబడింది. ఎందుకు లేచిందో తెలియక మళ్లీ కూర్చుంది.

జొసీనాకు ఇరవై నాలుగేళ్లు. రేవులో తెరచాపలు కుట్టే కొట్టంలో పనిచేస్తుంది. దబ్బనం నెట్టి నెట్టి అరచేయి ఒక పక్క చెక్కలా గట్టిపడింది. నీలం గౌను, అరిగిన నల్ల బూట్లు, చంకలో సంచి. గుమ్మం బయటే ఆగింది.

"లోపలికి రావచ్చా టీచర్?"

ఏడేళ్లపాటు ప్రతి ఉదయం తరగతి గుమ్మంలో నిలబడి ఈ మాటే అడిగిన పిల్ల.

"రా, జొసీనా."

జొసీనా మంచం దగ్గరికి వెళ్లింది. ఎవరినీ అడగకుండా, గిన్నెలో వేళ్లు ముంచి దుప్పటి మీద చల్లింది. తరువాత రమ్ము మూత తీసి రెండు చుక్కలు వంచింది. పెదవులు కదిలాయి గాని మాట వినపడలేదు. చల్లడానికి నువ్వెవరని ఇంటివాళ్లు అడగవలసిన చోటది. ఎథ్లిన్ అడగలేదు.

"కూర్చో."

జొసీనా మంచం అవతల ముక్కాలిపీట మీద కూర్చుంది. ఇద్దరి మధ్యా దుప్పటి కింద రాయి ఉంది.

"తాత నాకు కల్లోకి వచ్చాడు టీచర్."

ఎథ్లిన్ గిన్నె జరపబోయి ఆగింది. "ఎప్పుడు?"

"మూడు వారాలయింది. మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు. మా కొట్టంలోకి వచ్చి నేను కుడుతున్న తెరచాప మీద కూచున్నాడు. 'లే తాతా, పనుంది, సాయంత్రానికి ఇచ్చెయ్యాలి' అన్నాను. లేవలేదు. 'నీది నీకు చెప్పారా?' అన్నాడు. ఏంటి తాతా నాది అంటే మళ్లీ అదే. 'నీది నీకు చెప్పారా?' అంతే, తెల్లారింది."

"మీ అమ్మను అడగలేదా?"

"అడిగాను. నాకేం తెలుసే అంది. తర్వాత రెండు వారాలు ఆలోచించి, పడవెక్కి సెయింట్ జార్జెస్‌లో కోర్టు ఆఫీసుకు వెళ్లాను."

"కల వచ్చిందని కోర్టు ఆఫీసుకు వెళ్లావా?"

"కిటికీ దగ్గర కూచున్న ఆవిడ కూడా ఇదే అడిగింది. నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. వాళ్లమ్మది మన ద్వీపమేనట. ఎవరొచ్చారు, ఏం వేసుకుని వచ్చారు, తడిసి వచ్చారా పొడిగా వచ్చారా, అన్నీ అడిగి అప్పుడు పుస్తకాలు తీసింది."

పెరట్లోంచి డెల్సీనా దగ్గింది. అక్కడికి ఈ మాటలు ఎంతవరకు వినపడుతున్నాయో తెలియదు.

"రేవు తాత పేరు మీద లేదట, ట్రస్టులో ఉందట," అంది జొసీనా. "ట్రస్టీ పేరు చదివింది. మీ పేరు టీచర్. ఆ పేరు వినగానే నాకు ప్రాణం కుదుటపడింది. వేరే ఎవరన్నా అయితే భయపడేదాన్ని."

ఎథ్లిన్ తన చేతులను ఒళ్లో పెట్టుకుని వాటివైపే చూసింది.

"ట్రస్టీ అంటే రేవు ఆవిడ సొంతం కాదమ్మా, మీ అందరి తరఫునా పట్టుకుని ఉంది, అంతే, అని చెప్పింది ఆవిడ. దాంట్లో నాకు చోటుంటే ట్రస్టీ నాకు చెప్పాలట. నేను అడిగినా అడక్కపోయినా చెప్పాలట. అడిగితే పత్రం చూపించాలట. రేవును ఏం చేస్తున్నారో కూడా చెప్పాలట. 'వెళ్లి అడుగు, అది నీ హక్కు, దయ కాదు' అంది. అందుకని వచ్చాను. గౌను కూడా అందుకే వేసుకున్నా."

ఎథ్లిన్ ముప్పై ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పింది. జవాబు తెలిసి కూడా లేవని పిల్లలు చూపు ఎక్కడ దాస్తారో ఆమెకు తెలుసు. ఇప్పుడు తన చూపు కిటికీ ఊచల మీద ఉందని గ్రహించింది.

"శనివారం అయిపోనీ," అంది. "ఇంటి నిండా పని. తరువాత తీరుబడిగా కూర్చుందాం."

"శనివారం ఊరంతా ఇక్కడే ఉంటుంది. ఆదివారం చర్చి. ఆ తర్వాత సోమవారమే కదా టీచర్." జొసీనా గొంతులో నిష్ఠూరం లేదు. తేదీలు లెక్కపెట్టి చెప్పినట్టు చెప్పింది. "సోమవారం రేవు అమ్మేస్తున్నారని కొట్టంలో అందరూ అనుకుంటున్నారు. అమ్మితే అమ్మండి, పెద్దవాళ్లు, మీకు తెలుసు. నాకు కావాల్సింది ఒక్కటే. ఆ కాగితంలో మా నాన్న ఉన్నాడా లేడా? అది నన్ను చదవనివ్వండి. చదివి వెళ్లిపోతాను."

ఇంకా ఏదో ఒకటి చెప్పి పంపించెయ్యవచ్చు. పెట్టె తాళంచెవి ఆల్బన్ దగ్గరుందనవచ్చు. పత్రం లాయరు దగ్గరుందనవచ్చు. రెండూ ఎథ్లిన్ నోటిదాకా వచ్చాయి. ఆ పిల్ల రెండూ నమ్మేది. నమ్ముతుందన్న సంగతే ఆమెను ఆపింది.

లేచి, మంచం కాళ్ల దగ్గరున్న కెప్టెన్ ఓడ పెట్టె తెరిచింది. పాత కోట్లు, దిక్సూచి, వాటి అడుగున నూనెగుడ్డలో చుట్టిన పత్రం ఉన్నాయి. మూడేళ్ల కిందట తనే చుట్టి పెట్టింది. దారం ముడి గట్టిగా బిగిసిపోయింది. విప్పడానికి చాలాసేపు పట్టింది. జొసీనా సాయం చేస్తానని లేవలేదు, కంగారు పెట్టలేదు. ముడి విప్పడం ఆమెకు చిటికెలో పని. అయినా ఊరుకుంది.

ఎథ్లిన్ పత్రాన్ని రాయి మీదుగా అందించింది.

జొసీనా చదివేటప్పుడు వరుస కింద వేలు పెట్టుకుని చదువుతుంది. ఎథ్లిన్ నేర్పిన అలవాటే. మొదటి పేజీ అంతా వకీళ్ల భాష. రెండో పేజీలో వేలు ఆగింది.

"'నా కుమారుడు థియోఫిల్,'" అని పైకి చదివింది. "'నా కుమారుడు' అని రాశాడు టీచర్. ఆల్బన్ గారికి ఏ మాట రాశాడో నాన్నకూ అదే మాట రాశాడు."

"అవును."

"'వీరిలో ఎవరు మరణించినను వారి హక్కు వారి సంతానమునకు చెందవలెను.'" వేలు మళ్లీ వెనక్కి వెళ్లి అదే వరుస మీద నడిచింది. "అంటే నేను."

"అంటే నువ్వు."

చివరి పేరా కెప్టెన్ తన మాటల్లో చెప్పి రాయించినది. దాన్ని జొసీనా నెమ్మదిగా, ఒక్కొక్క మాటా చదివింది. "'ఈ పత్రములో హక్కు ఉన్న ప్రతివారికి ఆ సంగతి నా కూతురు ఎథ్లిన్ చెప్పవలెను. అడిగిన వారికి చూపవలెను. దాచరాదు. నా బిడ్డలలో అందరికి అర్థమగునట్లు చెప్పగలిగినది ఆమెయే కనుక ఈ పని ఆమెకు ఇచ్చితిని.'"

రేవు వైపు నుంచి ఎవరో చెక్కను బాడిసెతో చెక్కుతున్న చప్పుడు వస్తోంది.

జొసీనా అరచేత్తో కళ్లు తుడుచుకుంది. ఏడుస్తున్నట్టు లేదు, చెమట తుడుచుకున్నట్టుంది. "చాలు టీచర్. నాకిది చాలు. పాపం మీకు బడి, తాత జబ్బు, ఆ తర్వాత ఆయన పోవడం, వీటన్నిటితో చెప్పడానికి కుదిరుండదు."

ఎథ్లిన్ కుదరలేదని అనలేదు. కుదిరిందని కూడా అనలేదు. ఆ పిల్ల తన కోసం ఒక సాకు వెతికి తెచ్చి చేతిలో పెట్టింది. ఎథ్లిన్ దాన్ని పట్టుకుని కూర్చుంది.

డెల్సీనా రెండు కప్పుల కోకోతో లోపలికి వచ్చింది. ఒకటి ఎథ్లిన్‌కిచ్చి, రెండోది జొసీనా చేతిలో పెట్టి, కాస్త వెనక్కి జరిగి ఇద్దరినీ చూసింది.

"చూడండి ఎట్లా కూచున్నారో. మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని, కప్పు రెండు చేతుల్తో పట్టుకుని. సిల్వాన్ అచ్చం ఇట్లాగే కూచునేవాడు, చలికి వణికే కోడిలాగా." రాయి వైపు తిరిగింది. "నవ్వకు. నిన్నే అంటున్నా."

"సరే, నా కందులు నాకున్నాయి, పురుగులతో సహా," అనుకుంటూ వెళ్లిపోయింది.

కోకో వేడిగా ఉంది. ఎథ్లిన్ తాగలేదు.

ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు ఒక ఆదివారం తల్లితో కలిసి చర్చి నుంచి రేవు మీదుగా ఇంటికొస్తోంది. అక్కడ తండ్రి సగం కట్టిన పడవ పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన భుజాల మీద రెండేళ్ల పిల్లాడున్నాడు. తల్లి ఏమీ అనలేదు. దారి మార్చి ఇంటికి తీసుకెళ్లి, ఆయన పళ్లెంతో సహా అన్ని పళ్లేలూ పెట్టి భోజనం వడ్డించింది. ఎథ్లిన్ ఆ పళ్లేన్ని చూస్తూ తిన్నది. ఆ రోజు నుంచి థియోఫిల్ ఎదురుపడితే ఆమె పలకరించేది, అవసరమైతే మాట్లాడేది. ఒక్కసారి కూడా తమ్ముడూ అనలేదు. అతను మునిగిపోయిన వార్త వచ్చినప్పుడు కొండ ఎక్కి వాళ్లింటికి వెళ్లలేదు. పూలచక్రం పంపింది. దాని మీద తన పేరు కాదు, బడి పేరు రాయించింది.

ఆల్బన్ ప్రమాణ పత్రం తెచ్చినప్పుడు అతనికి పెద్దగా బతిమాలే పని పడలేదు. "అమ్మ ఎంత బాధపడిందో మనకు తెలుసు కదక్కా," అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె కలం తీసింది. ఆ పిల్లకు తెలియనిదాన్ని ఆ పిల్ల పోగొట్టుకున్నట్టు కాదని తనకు తాను చెప్పుకుంది. అప్పుడు ఆ మాట సరిగ్గానే ఉన్నట్టనిపించింది.

జొసీనా పత్రాన్ని జాగ్రత్తగా మడవబోతోంది.

"మడవకు," అంది ఎథ్లిన్. "ఇంకా ఉంది."

జొసీనా ఆగింది.

"పని వల్ల చెప్పకపోవడం కాదు. చెప్పకూడదనుకుని చెప్పలేదు. పోయిన ఏడాది ఇంకో కాగితం మీద సంతకం పెట్టాను. థియోఫిల్‌కు పిల్లలు లేరని ప్రమాణం చేశాను. నువ్వు ఉన్నావని తెలిసే చేశాను. ఆ కాగితం ఉంది కాబట్టే సోమవారం నీ సంతకం లేకుండా రేవు అమ్మగలుగుతున్నారు. నువ్వు అడిగిన దానికి ఇది జవాబు. ఇందాక నేను చెప్పింది సగమే."

ఇంత మాట ఒక్క ఊపిరిలో చెప్పి, ఆమె తలెత్తింది. ఆ పిల్ల ముఖం మారుతుందని చూసింది. మారలేదు.

"తెలుసు టీచర్."

జొసీనా సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. "కిటికీ దగ్గరావిడ ఇది కూడా నకలు తీసిచ్చింది. ఇస్తూ నా మొహంలోకి చూళ్లేదు."

"మరి తెలిసి కూడా..." అంది ఎథ్లిన్.

"సంతకం మీదేనని నమ్మలేదు. పడవలో వస్తున్నంతసేపూ ఒకటే అనుకుంటూ వచ్చా. ఆల్బన్ గారు మీ సంతకం దొంగతనంగా పెట్టారేమో, మీకు తెలీనే తెలీదేమో, వెళ్లి చెప్తే మీకెంత కోపం వస్తుందో అని. ముందే ఇది చూపిస్తే మీరు అవమానపడతారని చూపించలేదు. మీరు చెప్పకపోయుంటే అట్లాగే అనుకుంటూ వెళ్లిపోయేదాన్ని."

ఎథ్లిన్ కప్పును బల్ల మీద పెట్టింది.

"రెండో పేజీ చూడండి."

"ఒకటే పేజీ. నేను పెట్టినప్పుడు ఒకటే ఉంది."

"ఇప్పుడు రెండున్నాయి."

రెండో పేజీలో మూడే వరుసలున్నాయి. థియోఫిల్ బెడోతో కలిసి కాపురం చేసిన తాను, అతనికి సంతానం లేదన్న పై మాట నిజమని ధ్రువీకరిస్తున్నానని. కింద ఒక సంతకం. అక్షరాలు పెద్దవిగా, ఒకదానికొకటి తగలకుండా, గీత మీంచి కొంచెం పైకి ఎక్కుతూ ఉన్నాయి. వెర్డా పాస్కల్.

ఎథ్లిన్‌కు ఆ సంతకం తెలుసు. పెద్దవాళ్ల కోసం సాయంత్రాలు బడి నడిపిన రోజుల్లో ఆమే నేర్పింది. కలం పట్టుకున్న ఆ చేతి మీద తన చెయ్యి వేసి, ఒక్కో అక్షరం దిద్దించింది. వెర్డా తన పేరు రాయడం వరకు నేర్చుకుంది. చదవడం దాకా రాకముందే తెరచాపల పని ఎక్కువై మానేసింది.

"మీ అమ్మ," అంది ఎథ్లిన్.

"ఆల్బన్ గారు మా ఇంటికి తెచ్చారట. రేవులో పనిచేసేవాళ్లందరూ పెట్టాల్సిన కాగితమని చెప్పారట. ఇందులో ఏం రాసుంది బాబూ అని అమ్మ అడిగిందట. 'టీచర్ పెట్టింది, చూసుకో' అని మొదటి పేజీ చూపించారట. మీ సంతకం అమ్మకు బాగా తెలుసు కదా. నా మార్కుల కార్డుల మీద ఏడేళ్లు చూసింది. టీచర్ పెట్టిందంటే ఇంక చదివించుకోవడం ఎందుకులే అని పెట్టేసిందట." జొసీనా కాగితం అంచును గోటితో నొక్కుతూ మాట్లాడుతోంది. "ఇవాళ పొద్దున ఇది చదివి వినిపించాను. సగం వినేసరికే నేల మీద కూచుండిపోయింది. ఇంకా లేవలేదు. పొయ్యి వెలిగించలేదు. నిన్ను పెంచిన చేత్తోనే నువ్వు లేవని రాశానా అంటోంది. దాన్నే మళ్లీ మళ్లీ అంటోంది."

బయట డెల్సీనా కాయలు ఒలవడం మానేసింది.

"నేను కోర్టుకు వెళ్లొచ్చట," అంది జొసీనా. "అమ్మకం ఆపమని అడగొచ్చట, ట్రస్టీని మార్చమని కూడా అడగొచ్చట. కానీ ఈ ప్రమాణం అబద్ధమని నేను అంటే, మా అమ్మ కూడా అబద్ధపు ప్రమాణం చేసినట్టేనట. ఆమెను కూడా నిలబెడతారట. అనకుండా ఊరుకుంటే నేను నాన్నకు పుట్టలేదన్న మాట అట్లాగే ఉండిపోతుంది. పుట్టిన పుస్తకంలో నాన్న పేరు గడి ఖాళీ, నేను పుట్టినప్పుడు ఆయన సముద్రం మీద ఉన్నాడు. నా హక్కు నాకు కావాలంటే అమ్మను దోషిని చెయ్యాలి. ఎటు ఆలోచించినా ఇంతే. ఇది అడుగుదామనే వచ్చాను నిజానికి. నేనేం చెయ్యాలి అత్తా?"

ఆ పిలుపు అనుకోకుండా వచ్చింది. జొసీనా నాలుక కరుచుకుని తల దించుకుంది. ఎథ్లిన్ సరిదిద్దలేదు.

తన సంతకం ఒక్క మనిషికే అన్యాయం చేసిందని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. అది కొండ ఎక్కి వెళ్లి, తను నేర్పిన అక్షరాలతోనే ఒక తల్లి చేత కూతుర్ని కొట్టివేయించింది. ఎథ్లిన్‌కు ఏడుపు రాలేదు. ఏడవడానికి తనకు అర్హత లేదనిపించింది.

లేచి తండ్రి బల్ల సొరుగు లాగింది. గీతల కాగితాలు, సిరా కలం తీసుకుని వచ్చి కూర్చుంది.

"మీ అమ్మ అబద్ధం చెప్పలేదు," అంది. "చదవలేని మనిషికి చదివి వినిపించకుండా సంతకం పెట్టించారు. ఆమె నమ్మింది కాగితాన్ని కాదు, నా పేరును. అది రాస్తాను. తెలిసి అబద్ధం చెప్పింది నేను ఒక్కదాన్నే అని రాస్తాను. పుట్టిన పుస్తకంలో గడి ఖాళీగా ఉంటే ఉండనీ. బడి రిజిస్టరులో నీ పేరు పక్కన తండ్రి పేరు ఉంది. రాసింది నేనే."

"నాన్న పేరే ఉందా?"

"నిన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది ఆయనే. చెప్పులు లేవు, కాళ్ల నిండా తారు. గచ్చు మురికవుతుందని లోపలికి రానన్నాడు. గుమ్మంలోంచే చెప్పాడు, 'నా కూతురు, రాసుకోండి' అని." కొంచెం ఆగి అంది, "అక్కా అని పిలిచాడు ఆ రోజు. నేను పలకలేదు. రాసుకున్నాను, అంతే."

జొసీనా రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఎథ్లిన్ రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు ఎప్పటిలాగే నిటారుగా వచ్చాయి. నేను, ఎథ్లిన్ బెడో, కెప్టెన్ సిల్వాన్ బెడో ఏర్పరచిన ట్రస్టుకు ట్రస్టీని. జొసీనా నా తమ్ముడు థియోఫిల్ కుమార్తె. ఈ సంగతి నాకు ఆమె బాల్యము నుంచి తెలియును. తెలిసియుండి...

'తమ్ముడు' అన్న మాట దగ్గర కలం కాసేపు ఆగింది. కొట్టివేయలేదు.

మూడో పేరాలో ఉండగా బయట గేటు చప్పుడైంది. డెల్సీనా గొంతు వినిపించింది, ఎవరితోనో కందుల గురించి గట్టిగా మాట్లాడుతోంది, కావాలని అడ్డం పడుతున్నట్టు. ఆ గొంతును దాటుకుని బూట్ల చప్పుడు వరండా ఎక్కింది. ఆల్బన్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ముందు రాయిని చూశాడు, తరువాత జొసీనాను, ఆమె ఒళ్లో విప్పి ఉన్న పత్రాన్ని చూశాడు.

"ఏంటక్కా రాస్తున్నావు?" అన్నాడు నవ్వుతూనే. "విందు సామాన్ల జాబితానా?"

"కాదు." ఎథ్లిన్ తలెత్తలేదు. "కూర్చో ఆల్బన్. తరువాతి వాక్యంలో నీ పేరు రావాలి. నీ ఎదురుగానే రాస్తాను."

ఆల్బన్ కూర్చోలేదు. లోపలికి వచ్చి, వెనక్కి తిరిగి, తలుపు గడియ పెట్టాడు.